కల్లుకు పటం, సారాకు పాఠం



మా మేళ్లచెరువు రెండు రాజ్యాల అంచున పెరిగిన ఊరు. దక్షిణాన కృష్ణ, తూర్పున జగ్గయ్యపేట సీమ. నిజాం కాలంలో హద్దుకు ఇవతల హైదరాబాద్ సంస్థానం, అవతల మద్రాసు రాజధాని. 1937లో రాజాజీ ప్రభుత్వం సేలం జిల్లాతో మద్యనిషేధం మొదలుపెట్టింది. మరుసటేడు అది చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. సంస్థానంలో మాత్రం అలాంటి చట్టం లేదు. ఇక్కడ కల్లు మీద ఆబ్కారీ రాబడి ఖజానాకు పెద్ద అండ. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక అక్కడ నిషేధం కొనసాగింది. 1956లో రెండు ప్రాంతాలూ కలిసి ఒకే రాష్ట్రమయ్యాక కూడా 1960ల చివరిదాకా కోస్తాలో నిషేధం, తెలంగాణలో కల్లు దుకాణం. ఒకే అసెంబ్లీ, ఒకే ముఖ్యమంత్రి, ఒకే జాతి తాటిచెట్టు. ఆ చెట్టు ఏ గట్టున మొలిచిందన్నదాన్ని బట్టి, దాన్ని గీసిన మనిషి వృత్తిదారుడో నేరస్తుడో తేలేది.

అలాంటి అంచున ఉన్న ఊళ్లో పుట్టినందుకేమో, తాగుడు గురించి ఎవరు ఏం చెప్పినా నాకు ముందుగా ఒక ప్రశ్న వస్తుంది: ఈ మాట ఎవరు చెబుతున్నారు, ఏ గట్టున నిలబడి చెబుతున్నారు? ఒక పానీయం మంచిదా చెడ్డదా, మర్యాదైనదా నీచమైనదా అన్నది సీసాలో ఉన్న సరుకు ఒక్కటే తేల్చదు. దాని బొమ్మ ఎవరు గీశారు, దాని పాట ఎవరు పాడారు, దాని బోర్డు ఎవరు రాయించారు అన్నవి కూడా తేలుస్తాయి. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆ బొమ్మల చరిత్ర. అందులో మన కల్లు ఉంది, సారా ఉంది, లండన్ నగరపు జిన్ కూడా ఉంది.

కల్లుతో మొదలుపెడతాను. తెలంగాణలో కల్లుకు ఒక పురాణం ఉంది. ఆ పురాణానికి ఒక పటం ఉంది. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు తరతరాలుగా గుడ్డ మీద కథలు రాస్తున్నారు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి పట్టించి, ఎర్రటి నేపథ్యం మీద గళ్లుగళ్లుగా బొమ్మలు వేస్తారు. మూడడుగుల వెడల్పు, నలభై యాభై అడుగుల పొడవు. దాన్ని చుట్టగా చుట్టి, కథ నడిచేకొద్దీ ఒక్కో గడీ విప్పుతూ, బొమ్మ చూపిస్తూ రాత్రుళ్లు పాడతారు. ఒక్కో కులానికి ఒక్కో పురాణం, దాన్ని చెప్పే ఒక్కో కథకుల బృందం. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు. కల్లు గీసే గౌడులకు గౌడపురాణం చెప్పేవాళ్లు ఏనూటివాళ్లు. కౌండిన్య మహర్షి నుంచి వంశం ఎట్లా సాగింది, చెట్టు గీసే విద్య మనిషికి ఎట్లా దక్కింది, ఎల్లమ్మ తల్లి మహిమ ఏమిటి అన్నవన్నీ ఆ పటం మీద ఎర్రటి రంగులో కదులుతాయి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ప్రపంచంలో మద్యానికి సంబంధించిన చిత్రాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ తాగేవాడి బొమ్మలు. విందులో రాజు, సత్రంలో సైనికుడు, వీధిలో పడిపోయిన పేదవాడు. మన ఏనూటి పటంలో నాయకుడు గీసేవాడు. చెట్టెక్కే మనిషి కథానాయకుడైన ఇంత పెద్ద చిత్రకథ మరోచోట ఉన్నట్టు నేను చూడలేదు. ఆ మనిషికి ఒక దేవుడూ ఉన్నాడు. కాటమయ్య అని పిలుచుకుంటారు, కంఠమహేశ్వరుడని కొలుస్తారు. మోకు నడుముకు చుట్టి, గుజి కాళ్లకు తగిలించి, ముస్తాదులో కత్తులు పెట్టుకొని తాడిచెట్టు ఎక్కే మనిషికి ప్రతి పూటా ప్రాణంతో పని. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కాలి. మోకు జారితే నడుము విరుగుతుంది, లేదా మనిషే దక్కడు. అందుకే ఆ దేవుడు.

కల్లు తాగే పద్ధతి కూడా చెప్పాలి, ఎందుకంటే సంస్కృతి అంటే అదే. మండువలో చెట్ల నీడన కూర్చుంటారు. తాటిరేకను మడిచి రెండు చేతులా పట్టుకుంటే గౌడన్న లొట్టి వంచి పోస్తాడు. వాడుకగా తాగేవాళ్లుంటారు. పంట చేతికొచ్చాక లెక్క చూసుకునేవాళ్లుంటారు. చుట్టం వస్తే కల్లు, బిడ్డ పుడితే కల్లు, చావింటి దినాలకు కల్లు, బోనాలప్పుడు అమ్మవారికి సాక. చెట్టు నుంచి అప్పుడే దించిన నీరా తియ్యగా ఉంటుంది. లొట్టికి లోపల సున్నం పూస్తే అది పులియదు. మా మేళ్లచెరువు నేలంతా సున్నపురాయి. ఇవాళ ఆ రాయి సిమెంటు ఫ్యాక్టరీలకు పోతున్నది గానీ, నీరాను నీరాగా నిలిపేది ఆ సున్నమే. సున్నం లేని లొట్టిలో ఎండ ఎక్కేకొద్దీ నురగ వస్తుంది, పులుపు వస్తుంది. పులిసిన కల్లులో ఆల్కహాల్ 4 నుంచి 6 శాతం దాకా ఉంటుంది. జిన్ను, విస్కీ లాంటివి 40 శాతం పైమాటే. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

గీసేవాడి బొమ్మ ఒకటే ఉండేది కాదు, రెండుండేవి. దానికి గట్టి సాక్ష్యం సర్వాయి పాపన్న. కల్లుగీత కుటుంబంలో పుట్టి, కోటలు కట్టి, 1708లో మొహర్రం రోజుల్లో వరంగల్లు మీద పడ్డాడు. 1710లో మొగలు సైన్యం చేతికి చిక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీఖాన్ రాతలో అతను దోపిడీదొంగ. తెలుగు జానపదుల పాటలో వీరుడు. ఆ పాటను జె. ఏ. బోయిల్ అనే ఇంగ్లిషు అధికారి సేకరించి 1874లో అచ్చు వేశాడు. దర్బారు కాగితం మీద ఒక పాపన్న, కల్లు మండువలో పాట కట్టిన పాపన్న మరొకడు. నూరేళ్లు దాటి నూటయాభై ఏళ్లు కూడా ఆ పాట నోటినుంచి నోటికి నిలిచిందంటే, నిలబెట్టినవాళ్లకు ఆ మనిషి ఎంత కావలసినవాడో తెలుస్తుంది.

ఇప్పుడు లండన్ వెళదాం. జిన్ ఇంగ్లండులో పుట్టలేదు. హాలండు వాళ్లు జూనిపర్ కాయల వాసన పట్టించి కాచిన మద్యం దానికి మూలం. 1688లో హాలండు నుంచి వచ్చిన విలియం ఇంగ్లండు రాజైనాడు. ఫ్రాన్సుతో యుద్ధం కాబట్టి ఫ్రెంచి బ్రాందీ మీద ఆంక్ష పెట్టారు. 1690లో స్వదేశంలో మద్యం కాచుకునేందుకు తలుపులు బార్లా తెరిచారు. భూస్వాములకు అది వరం. మిగిలిన ధాన్యానికి, నాసిరకం ధాన్యానికి బట్టీల్లో గిరాకీ దొరికింది. ప్రభుత్వానికి పన్ను దొరికింది. పేదవాడికి చవక జిన్ దొరికింది. యాభై ఏళ్లలో లండన్ పేటలు అతలాకుతలమైనాయి. 1736లో చిల్లర అమ్మకానికి 50 పౌండ్ల లైసెన్సు పెట్టి అదుపు చేయాలని చూశారు. అంత డబ్బు దాదాపు ఎవరూ కట్టలేదు. దొంగచాటు అమ్మకం పెరిగింది.

ఆ దొంగచాటు అమ్మకంలోనే మద్య ప్రకటనల చరిత్రలో ఒక మరపురాని ఘట్టం జరిగింది. డడ్లీ బ్రాడ్‌స్ట్రీట్ అనే ఐరిష్‌వాడు ఒక ఇంట్లో తలుపు బిగించుకొని కూర్చుని, కిటికీకి పిల్లిబొమ్మ తగిలించాడు. పిల్లి నోట్లో నాణెం వేస్తే పిల్లి పాదం కింద ఉన్న సీసపు గొట్టంలోంచి జిన్ కారేది. అమ్మినవాడు కనపడడు. కొన్నవాడు పిల్లికి డబ్బులిచ్చాడు అంతే. చట్టానికి మనిషి దొరకడు. ఈ సంగతిని అతనే తన ఆత్మకథలో రాసుకున్నాడు. మద్యం అమ్మేవాడు తన ముఖం దాచి ఒక బొమ్మను ముందుపెట్టే పద్ధతికి పునాది అక్కడ పడిందని నేను అనుకుంటాను. మన కాలంలో అదే పద్ధతి ఇంకా పెద్ద ఎత్తున నడుస్తున్నది. అది తర్వాత చెబుతాను.

1751 ఫిబ్రవరిలో విలియం హోగార్త్ రెండు చిత్రాలు అచ్చువేశాడు. ఒకటి జిన్ వీధి, రెండోది బీరు వీధి. జిన్ వీధిలో మెట్లమీద ఒక తల్లి నశ్యం డబ్బీ కోసం చెయ్యి పెడుతుంటే చంకలోని పసిబిడ్డ జారి కిందికి పడిపోతున్నాడు. ఆమెకు ఆ ధ్యాస లేదు. పక్కన ఎముకలగూడైన పాటల పుస్తకాలవాడు. వెనక కూలుతున్న ఇళ్లు, శవపేటిక. తన పనిముట్లు తాకట్టు పెడుతున్న వడ్రంగి, వంటపాత్రలు తాకట్టు పెడుతున్న ఇల్లాలు. ఊరు చితికిపోతుంటే బాగుపడుతున్నవాళ్లలో తాకట్టు వ్యాపారి ఒకడు. బీరు వీధిలో అందరూ బొద్దుగా, సంతోషంగా ఉంటారు. అక్కడ దివాలా తీసింది తాకట్టు దుకాణం. హోగార్త్ ఈ బొమ్మల్ని ఒక్కోటి ఒక షిల్లింగుకే అమ్మాడు, వీలైనంతమందికి చేరాలని. అదే ఏడు పార్లమెంటు కొత్త జిన్ చట్టం చేసి అమ్మకాన్ని కట్టడి చేసింది.

బొమ్మ ఎంత పని చేయగలదో చూపడానికి జిన్ వీధిని అందరూ చూపిస్తారు. నన్ను ఎక్కువగా ఆపింది బీరు వీధిలోని ఒక మూల. అక్కడ నిచ్చెన మీద ఒక చిత్రకారుడు సత్రానికి బోర్డు రాస్తుంటాడు. ఆ వీధిలో అందరి బట్టలూ బాగున్నాయి, అతని బట్టలు చినిగిపోయాయి. హోగార్త్ తన వృత్తివాణ్ని అక్కడ ఎందుకు అట్లా నిలబెట్టాడో పండితులు రకరకాలుగా చెబుతారు. నాకు తోచింది ఇది: మంచి తాగుడు, చెడ్డ తాగుడు అని రెండు వీధులుగా చీల్చి గీయడం బొమ్మకు తేలిక, బతుకు అంత తేలిగ్గా చీలదని గీసేవాడికి తెలుసు.

మనకూ ఆ రెండు వీధులున్నాయి. కల్లు మండువ మన బీరు వీధి, సారా దుకాణం మన జిన్ వీధి. ఇందులో నిజం ఉంది. కల్లు ఘాటు తక్కువ, చెట్టు ఇచ్చినంతే దొరుకుతుంది, నలుగురిలో కూర్చుని తాగేది. సారా ఘాటు ఎక్కువ, బట్టీ ఎంత కాస్తే అంత. అయితే ఈ రెండు వీధుల బొమ్మ ఒక సంగతిని దాస్తుంది. మండువలో కూర్చునేది మగవాళ్లే ఎక్కువ. ఇంటిదగ్గర ఎదురుచూసేది ఎవరో ఏనూటి పటంలో కూడా పెద్దగా కనపడదు. గీసేవాడికి బొమ్మ దొరికింది, ఇల్లు నడిపే ఆడమనిషికి దొరకలేదు.

గీసేవాడికి కూడా బొమ్మ దొరికింది గానీ చెట్టు దొరకలేదు. చెట్లు సర్కారువి, భూస్వాములవి. వేలంలో గుత్త పట్టినవాడి కింద గౌడు కూలివాడిగా గీసేవాడు. ఈ లెక్కను తిరగరాయాలని నిలబడినవాడు మా జిల్లా మనిషి, బొమ్మగాని ధర్మభిక్షం. 1922లో సూర్యాపేటలో పుట్టాడు. నిజాం వ్యతిరేక పోరాటంలో ఉన్నాడు, జైళ్లు చూశాడు. 1952 ఎన్నికల్లో సూర్యాపేట నుంచి శాసనసభకు గెలిచాడు. జీవితమంతా గీత కార్మికుల సంఘాలు కట్టాడు. గుత్తేదారు చేతిలోని చెట్లు గీసేవాళ్ల సహకార సంఘాల చేతికి రావాలని పట్టుబట్టాడు. దున్నేవాడికే భూమి అన్న నినాదం పక్కన గీసేవాడికే చెట్టు అన్న నినాదం నిలబడింది. 1991లో, 1996లో నల్లగొండ నుంచి లోక్‌సభకు వెళ్లాడు. ఆ 1996 ఎన్నిక అందరికీ గుర్తుండాలి. ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు ఢిల్లీకి వినపడాలని ఆ ఒక్క నియోజకవర్గంలో 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్టు పుస్తకమంత అయింది. తాగడానికి నీళ్లడిగిన ఆ ఎన్నికలో గెలిచింది కల్లుగీత కార్మికుల నాయకుడు. మా జిల్లాకు ఏది దొరికిందో, ఏది దొరకలేదో ఆ ఒక్క ఎన్నికలో కనిపిస్తుంది.

హద్దుకు అవతల గట్టున కూడా గీత కార్మికుల బలం తక్కువేమీ కాదు. అక్కడ నిషేధం వల్ల బతుకుతెరువు పోయిన గీత కార్మికుల పక్షాన గౌతు లచ్చన్న పోరాడాడు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం మద్యనిషేధం గొడవ మీదే, ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం తాటిచెట్టు దగ్గర కూలిందని చెప్పినా తప్పులేదు.

ఆ నిషేధం రోజుల్లోనే తెలుగువాళ్లు తాగుబోతు బొమ్మల్లోకెల్లా పెద్ద బొమ్మను చూశారు. 1953 జూన్‌లో 'దేవదాసు' విడుదలైంది. వేదాంతం రాఘవయ్య దర్శకుడు, అక్కినేని నాగేశ్వరరావు నాయకుడు. ఆ సినిమా తయారైన మద్రాసులో అప్పుడు మందు తాగడం నేరం. ప్రజలు చట్టప్రకారం తాగలేని ఊళ్లలో కూర్చుని, తాగి తాగి చచ్చిపోయే జమీందారు కొడుకు కోసం కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పటినుంచి మన సినిమాలో ఒక పంపకం జరిగిపోయింది. బంగళాలో సీసా పట్టుకున్నవాడికి విషాదం, ముంత పట్టుకున్నవాడికి హాస్యం. ఒకే బాధకు రెండు ధరలు కట్టడం ఇది, నాకు నచ్చదు. 2023 మార్చిలో వచ్చిన రెండు సినిమాలు ఆ పంపకాన్ని కొంత మార్చాయి. 'బలగం'లో చావింటి దినాల చుట్టూ తెలంగాణ కుటుంబం తిండి, తాగుడు, కొట్లాట, కన్నీళ్లు అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. 'దసరా'లో సింగరేణి పల్లెలోని బార్ గోడ మీద సిల్క్ స్మిత బొమ్మ ఊరంత ఎత్తున ఉంటుంది. ఆ బార్ లోపలికి అడుగుపెట్టే హక్కు ఎవరికుందన్నదే అక్కడ కులం ప్రశ్న. గోడమీద బొమ్మ అందరికీ, లోపల కుర్చీ కొందరికే.

సారాకు ఇలాంటి కథ లేదు. దానికి పురాణం లేదు, దేవుడు లేడు, పటం లేదు. ఇప్పపూల సారాకు గిరిజన గూడేల్లో ఒక గౌరవమైన చోటు ఉంది, అది వేరు. నేను చెబుతున్నది సర్కారు సారా. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లలోకి వచ్చింది. అంతకుముందు దుకాణానికి వెళ్లి తాగాలి. ప్యాకెట్టు జేబులో పడుతుంది, పొలం గట్టుకు వస్తుంది, ఇంటి గడపకు వస్తుంది. అచ్చువేసిన ప్లాస్టిక్ కవరే దాని ప్రచారం. ఆబ్కారీ రాబడి 1970-71లో 39 కోట్ల రూపాయల చుట్టూ ఉన్నది, 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. లండన్‌లో ధాన్యం భూస్వాములకు, ఖజానాకు జిన్ ఏం చేసిందో, ఇక్కడ సారా వేలం పాడినవాళ్లకు, సర్కారుకు అదే చేసింది.

దాన్ని నిలదీసిన బొమ్మ ఏ పెద్ద చిత్రకారుడూ గీయలేదు. 1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో కూలి ఆడవాళ్లు అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. సీతమ్మ అనే ఇల్లాలు ఊరి ఆడవాళ్లను కూడగట్టి సారా దుకాణం మూయిస్తుంది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు ఆ పాఠాన్ని చదివి ఊరుకోలేదు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రానికంతా తెలిసింది ఆ రోజుల్లోనే. వాళ్ల ఊళ్లో సారా దుకాణం మూతపడింది. తర్వాత వచ్చిన వాచకంలో వాళ్ల పోరాటమే పాఠమైంది. ఆడవాళ్లు ఏకమైతే అని దాని పేరు. కొన్ని ఊళ్లు దాన్ని చదివాయి, ఇంకెన్నో ఊళ్లు విన్నాయి. చదివేవాళ్లు చదువుతుంటే వినేవాళ్లు చీపుళ్లు పట్టుకొని లేచారు. 1992లో నెల్లూరులో సారా వేలాలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో ఆ జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా రద్దయింది.

హోగార్త్ బొమ్మకు, సీతమ్మ పాఠానికి మధ్య ఉన్న తేడా నాకు చాలా ముఖ్యం. హోగార్త్ గీసిన తల్లి తాగి మైకంలో బిడ్డను జారవిడిచిన మనిషి. ఆమెను చూసి పెద్దమనుషులు భయపడ్డారు, చట్టం చేశారు. ఆమె నోట ఒక్క మాట రాలేదు. సీతమ్మ పాఠంలో ఆడమనిషి నిలబడి మాట్లాడుతుంది. ఆ పాఠాన్ని కూడబలుక్కుని చదివినవాళ్లు కూడా అలాంటి ఆడవాళ్లే. ఒకరి గురించి గీసిన బొమ్మ వేరు, ఆ ఒక్కరే చదివి అందుకున్న బొమ్మ వేరు. దూబగుంట వాచకాన్ని తెలుగు కళా చరిత్రలో భాగంగా మ్యూజియంలో పెట్టాలని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఆ గెలుపు తర్వాత జరిగింది కూడా చెప్పాలి. 1993లో రద్దయింది పేదవాడి సారా ఒక్కటే. విస్కీ, బ్రాందీ, జిన్ను కొనగలిగినవాడికి ఏ ఇబ్బందీ రాలేదు. 1995 జనవరి 16న ఎన్టీ రామారావు ప్రభుత్వం సంపూర్ణ నిషేధం తెచ్చింది. 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం దాన్ని సడలించింది. సారా తిరిగి రాలేదు, సీసా వచ్చింది. ప్యాకెట్టు తాగినవాడు చవకరకం సీసాకు మారాడు. ఖర్చు పెరిగింది. ఇంగ్లండులోనూ ఇలాంటిదే ఇంకోలా జరిగింది. 1751లో జిన్ నీచమైన సరుకు. 1830లో కొత్తరకం బట్టీ వచ్చాక శుభ్రమైన జిన్ తయారైంది. గ్యాస్ దీపాల వెలుగులో అద్దాలు మెరిసే జిన్ అంగళ్లు లేచాయి. వాటి గురించి చార్లెస్ డికెన్స్ 1830ల్లోనే రాశాడు. ఆ తర్వాత జిన్ సముద్రం దాటి దొరల చేతి గ్లాసులోకి ఎక్కింది.

దొరల గ్లాసుకు మన దేశమే రంగస్థలం. మలేరియాకు విరుగుడు క్వినైన్, అది కటిక చేదు. సోడాలో క్వినైన్ కలిపి టానిక్ నీళ్లుగా అమ్మారు. 1870 నుంచి ఒక ఇంగ్లిషు కంపెనీ దాన్ని ఇండియన్ అన్న పేరు తగిలించే అమ్మింది. అందులో జిన్ కలుపుకోవడం అలవాటైంది.   ఇవాళ జిన్ సీసాల మీద విక్టోరియా రాణి బొమ్మ, ఏనుగులు, తాటిచెట్లు, నీలిరంగు గాజు కనపడతాయి. తాటిచెట్టు కింద లొట్టి దించిన మనిషి మాత్రం ఆ లేబుళ్ల మీద ఎక్కడా లేడు.

ఇక ప్రకటనలు. మీరు వింటున్న ఆకాశవాణిలో మద్యం ప్రకటన ఎప్పుడూ రాదు, నియమావళి ఒప్పుకోదు. కేబుల్ టీవీ మీద 2000లో ఆంక్ష పెట్టారు. అప్పుడు బ్రాడ్‌స్ట్రీట్ పిల్లి మళ్లీ బయటికొచ్చింది. మద్యం పేరుతోనే సోడా, మద్యం పేరుతోనే తాగునీళ్లు, పాటల క్యాసెట్లు, క్రికెట్ జట్లు. తెరమీద కనపడేది సోడా, చూసేవాడి బుర్రలో పడేది సీసా. మన రోడ్ల మీద వైన్స్ అని బోర్డుంటుంది, దేవుడి పేరో దేవత పేరో ముందుంటుంది. కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఏ రోడ్డున పోయినా దాన్ని చూడకుండా ఊరు దాటలేం. ఆ బోర్డు రాసిన చిత్రకారుడి పేరు దానికింద చిన్న అక్షరాల్లో ఉండేది ఒకప్పుడు. ఇప్పుడు ఫ్లెక్సీ వచ్చింది, ఆ పేరూ పోయింది.

హద్దు కథ కూడా తిరిగి మొదలైంది. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో సర్కారే దుకాణాలు నడపడం మొదలుపెట్టింది. ధరలు పెరిగాయి, తెలిసిన బ్రాండ్లు దొరకలేదు. రామాపురం క్రాస్ రోడ్డు మీదుగా ఇటునుంచి అటు సీసాలు నడిచాయి. చెక్‌పోస్టుల్లో పట్టుబడ్డవాళ్లలో ఎక్కువమంది కుర్రాళ్లు. 2024 అక్టోబరులో అక్కడ మళ్లీ ప్రైవేటు దుకాణాలు వచ్చేదాకా అది సాగింది. తాతల కాలంలో లొట్టికి జరిగింది మనవళ్ల కాలంలో సీసాకు జరిగింది.

కల్లు సంగతి నేను తీపిగా చెప్పి వదిలేస్తే అన్యాయం. చెట్లు తగ్గాయి, ఎక్కేవాళ్లు తగ్గారు, గిరాకీ తగ్గలేదు. ఆ ఖాళీని మత్తుమందులు నింపాయి. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్తీకల్లు ఎన్నో కుటుంబాలను ముంచింది. 2015లో కల్తీ మీద దాడులు జరిగినప్పుడు, అది దొరక్క ఫిట్స్ వచ్చి, మతి చలించి ఆసుపత్రులపాలైనవాళ్లు ఉన్నారు. చెట్టు కల్లు పేరు చెప్పి మందు అమ్మడం గౌడపురాణానికే ద్రోహం. అసలు గీతవృత్తికి సాయం చేయాలనుకుంటే దారులున్నాయి. హైదరాబాద్‌లో 2004లో మూసేసిన కల్లు దుకాణాలు 2014లో తెరిచారు. చెట్టు పన్ను ఎత్తేశారు. 2021లో మద్యం దుకాణాల్లో గౌడులకు 15 శాతం కేటాయించారు. 2023 మే నెలలో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. 2024 జులైలో కాటమయ్య పేరుతోనే రక్షణ కవచం, అంటే చెట్టు మీంచి పడకుండా కాపాడే తాళ్లు, బెల్టుల కిట్టు ఇవ్వడం మొదలుపెట్టారు. వీటన్నిటిలో నాకు ఆ కిట్టు మీదే ఎక్కువ గురి. దుకాణం దక్కేది కొందరికి, కిట్టు కావలసింది చెట్టెక్కే ప్రతి ఒక్కరికీ. అది ప్రతి గీత కార్మికుడి నడుముకు చేరిందా లేదా అని మన ఊళ్లలో మనం అడగాలి.

చివరగా ఒక కోరిక ఉంది. ఏనూటి కథకులను పిలిచే ఊళ్లు తగ్గిపోయాయి. చేర్యాల నకాషీలు ఇప్పుడు ఎక్కువగా గోడకు తగిలించే చిన్న పటాలు, మాస్కుల బొమ్మలు, తాళంచెవులకు కట్టే బొమ్మలు చేసి బతుకుతున్నారు. వాళ్లకు పొడవాటి పటం పని ఇవ్వాలి. మా సూర్యాపేట జిల్లా గీత కార్మికుల సంఘాలు, ఆడవాళ్ల పొదుపు సంఘాలు కలిసి ఒక కొత్త పటం రాయించాలి. కౌండిన్య మహర్షి దగ్గర మొదలు కానీ, ఎల్లమ్మ, కాటమయ్య ఎప్పటిలాగే ఉండనీ. ఆ తర్వాతి గళ్లలో సర్వాయి పాపన్న ఉండాలి, ధర్మభిక్షం ఉండాలి, కృష్ణకు ఇటొక చట్టం అటొక చట్టం ఉన్న రోజులుండాలి. సారా ప్యాకెట్టు ఉండాలి. ఇంటిదగ్గర ఎదురుచూసిన ఇల్లాలికి ఈసారి ఒక గడీ కాదు, కావలసినన్ని గళ్లు దక్కాలి. వాచకం పట్టుకున్న దూబగుంట ఆడవాళ్లుండాలి. కల్తీమందు కలిపే చెయ్యి కూడా దాచకుండా గీయాలి. మేళ్లచెరువు శివరాత్రి జాతరకు ప్రభలు చూడటానికి, ఎడ్ల పందేలు చూడటానికి జనం ఎక్కడెక్కడినుంచో వస్తారు. ఆ రాత్రుళ్లలో ఒక రాత్రి ఏనూటివాళ్లను పిలిచి, వాళ్లకు చెల్లాల్సిన సంభావన మర్యాదగా చెల్లించి, ఆ పటం విప్పించాలి. దానికి ఎవరైనా ముందుకొస్తే నా వంతు చందా నేను ఇస్తాను.